ఆరో లేన్ గీత

ఆదివారం, 4వ తేదీ

నన్ను ఈ గ్రౌండులో అందరూ సున్నం బామ్మ అంటారు. కాగితాల మీద వేరే పేరు ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు, కాబట్టి ఇదే నా పేరు. వయసు నా లెక్కలో డెబ్బై రెండు, మా అమ్మాయి లెక్కలో డెబ్బై అయిదు. ఎవరికి కావలసింది వాళ్ళు రాసుకోవచ్చు. ఇంట్లో ముగ్గురం. నేను, బేకరీలో పని చేసే మా అమ్మాయి, పరుగెత్తే మనవరాలు. గ్రౌండు గోడని ఆనుకుని ఉన్న రెండు గదుల వాటాలో ఉంటాం. మా పైవాటాలో ఉండే రిటైరైన కోర్టు టైపిస్టు ఇదంతా రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. నోరుంది.

ఇది ఆటల కమిటీకి కాదు, నాకు. కమిటీ ముందు పదిరోజుల్లో వాంగ్మూలం ఇవ్వమన్నారు. అక్కడ నిలబడేముందు నా మాట నాకు తిన్నగా రావాలి. అందుకని రోజూ సాయంత్రం కాస్త కాస్త చెబుతాను. "నేను విన్నది విన్నట్టే రాస్తాను బామ్మగారూ, కొట్టేయడం నా చేతికి అలవాటు లేదు" అని టైపిస్టు ముందే చెప్పింది. రాయనీ. నాకేం భయం?

జరిగింది ఇది. మొన్న శుక్రవారం ఒక చుట్టు పరుగు. గెలిచిన ఒక్క అమ్మాయికే టీములో చోటు. నాలుగేళ్ళకోసారి, దేశదేశాల వాళ్ళూ కలిసే పెద్ద ఆటలకి వెళ్ళే టీము అది. మా మనవరాలిది మొదటి లేన్. దర్జీ కూతురిది ఆరో లేన్. ఆ పిల్లని అందరూ పొడుగుకాళ్ళు అంటారు, అంటే పలుకుతుంది. మా పిల్లే గెలిచింది. ఒక భుజం ముందు. నేను కంచె పట్టుకుని చూశాను, నా కళ్ళు ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున్నే దర్జీ వచ్చి, మెడలో వేలాడే గుడ్డ టేపుతో వంగి వంగి కొలిచాడు. చొక్కా కొలిచే టేపుతో గ్రౌండు కొలవడం నేనెక్కడా చూడలేదు. ముప్పై నాలుగుసార్లు వంగాడు. లేచి "నలభై నాలుగు అంగుళాలు!" అని అరిచాడు. ఆరో లేన్ మొదలయ్యే గీత ఉండాల్సిన చోటుకి నలభై నాలుగు అంగుళాలు వెనక పడిందట. అంటే వాళ్ళ అమ్మాయి ఒక అంగ ఎక్కువ పరుగెత్తిందట. కమిటీ సెక్రటరీ ఆఫీసులోంచి స్టీలు టేపు తెప్పించి మళ్ళీ కొలిపించాడు. ఎంత వచ్చిందో నాకు చెప్పలేదు గానీ, టేపు చుట్టుకుంటూ నా మొహం చూడలేదు.

సున్నంతో గీతలు గీసింది నేను. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే. అంతకుముందు పోయిన మా ఆయన. మా ఇంటి గీత మీద ఎవరూ ఇంతవరకూ టేపు పెట్టలేదు.

ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా? ఓడిపోయాక గీత వంకరొచ్చింది.

సోమవారం, 5వ తేదీ

తాడు సంగతి చెప్పాలి. లేకపోతే ఎవరికీ అర్థం కాదు.

గీతలు గీయడానికి నాకు అంకెలు అక్కర్లేదు. ఆయన నాకొక నూలు తాడు ఇచ్చి పోయాడు. దాని కొస గెలుపు గీత దగ్గర మేకుకి కట్టి, వంపు వెంట పరిచి, బిగలాగి పట్టుకుంటే, తాడుకి కట్టిన గుడ్డముక్క ఎక్కడ పడితే అక్కడ ఆ లేన్ మొదలు. రెండో లేన్‌కి ఒక ముక్క, మూడో లేన్‌కి ఒకటి, అలా ఆరు దాకా. బయటి లేన్ చుట్టు పెద్దది కనుక వాళ్ళు ముందునుంచి మొదలెడతారు. మొదటి లేన్‌కి ముక్క లేదు, గెలుపు గీత దగ్గరే దాని మొదలు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. సెక్రటరీకి మాత్రం మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

నూలు తాడు తడిస్తే బిగుసుకుని పొట్టిదవుతుంది.

బుధవారం సాయంత్రం తాడు కంచె మీద ఆరేశాను. ఆరేసి చుట్టబెట్టి లోపల పెట్టడం ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ రోజు పెట్టలేదు. ఎందుకంటే కోచ్ వ్యాయామశాలలో గోడకి దుప్పటి కట్టి సినిమా వేస్తున్నాడు, మొదలైపోతోందని మనవరాలు కేకేసింది. పరుగు పందేనికి ముందు పిల్లలకి ఉత్సాహం రావాలని కోచ్ ఆలోచన. పాతకాలం సినిమా. మోకాళ్ళు దాటిన నిక్కర్లు వేసుకున్న ఇద్దరు పరుగుగాళ్ళు. ఒకడు ఉత్తరాలు పంచేవాడు, దేవుడి మనిషి, ప్రతి పరుగుకి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. రెండోవాడు రాళ్ళు కొట్టేవాడి కొడుకు, అందరూ వాణ్ణి చిన్నచూపు చూస్తారు, వాడికి దేవుడూ లేడు దెయ్యమూ లేదు, పంతం ఒక్కటే. ఆఖరి పరుగులో ఇద్దరూ పక్కపక్కనే. ఉత్తరాలవాడి పెదాలు కదులుతూ ఉంటాయి, వాడే గెలుస్తాడు. నేను ఏడ్చాను. ఏడ్చానని రాయక్కర్లేదు.

మర్నాడు గురువారం. గురువారం నేను పని ముట్టను. మా మనవరాలికి ఎనిమిది నెలలప్పుడు పదకొండు రోజులు జ్వరం తగ్గలేదు. గురువారం తగ్గింది. ఇక బతికినంత కాలం గురువారం నా చేత్తో పని ముట్టనని ఆ రోజే అనుకున్నాను. పొయ్యి ముట్టను, నేల చదునుచేసే రోలరు ముట్టను, సున్నం ముట్టను. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క గురువారం తప్పలేదు. మా అమ్మాయి ముందురోజే రొట్టెలు తెచ్చి పెడుతుంది, అవే తింటాం.

ఆ గురువారం వాన పడింది. కిటికీలోంచి చూస్తున్నాను. తాడు కంచె మీద తడుస్తోంది. నాలుగడుగులు వేస్తే చాలు, తీసేయొచ్చు. తీయలేదు. మాట మాటే.

శుక్రవారం పొద్దున గీతలన్నీ వానకి కొట్టుకుపోయి ఉన్నాయి. పరుగు తొమ్మిదింటికి. ఉన్న తాడుతో గీశాను.

ఇందులో నా తప్పెక్కడుంది? వాన నేను పంపానా?

మంగళవారం, 6వ తేదీ

తప్పు లేదు. నిన్న చెప్పాను కదా. ఈ రోజు చెప్పడానికేం లేదు.

తప్పు లేదు అని రెండుసార్లు రాశావా? ఒకసారి చాలు.

బుధవారం, 7వ తేదీ

పొద్దున సెక్రటరీ ఆఫీసుకి పిలిపించాడు. కుర్చీ వేయించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఆఫీసులో కూర్చోమన్నది ఇదే మొదటిసారి.

"బామ్మగారూ, రూలు చాలా సింపులు. గీత తప్పని ఎవరికీ ముందు తెలియదనుకోండి, తుపాకీ పేలేముందు ఎవరూ అభ్యంతరం పెట్టలేదు కాబట్టి ఫలితం అలాగే ఉంటుంది. మీ మనవరాలి చోటు మీ మనవరాలిదే. ముందే తెలిసి కూడా ఎవరైనా ఊరుకుని ఉంటే మాత్రం పరుగు రద్దు, మళ్ళీ పెట్టాలి."

"అయితే?"

"అయితే ఏముంది, వచ్చే బుధవారం కమిటీ ముందుకొచ్చి 'నాకు తెలీదు' అని ఒక్క ముక్క చెప్పండి. ఫైలు మూసేస్తాను. నాకు ఇంకా పద్నాలుగు ఫైళ్ళున్నాయి."

"నాకు తెలీదు" అన్నాను.

"ఇప్పుడు కాదమ్మా, కమిటీ ముందు."

తిరిగొస్తుంటే మంచినీళ్ళ కుళాయి దగ్గర దర్జీ ఎదురయ్యాడు. మెడలో టేపు అలాగే ఉంది.

"ఏం బామ్మగారూ, తాడు ఆరిందా?"

"నీ నోరు ఆరితే చాలు నాయనా."

"మా అమ్మాయి నాలుగేళ్ళు కష్టపడిందండీ."

"మాది నాలుగేళ్ళు నిద్రపోయిందా?"

"నేను మీ మనవరాల్ని అనడం లేదు."

"మరి నన్నంటున్నావు. అను. నీ చొక్కా చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి వచ్చినప్పుడు ఎవరైనా నిన్ను దొంగ అన్నారా?"

 దర్జీ టేపు సర్దుకుని వెళ్ళిపోయాడు. నేనే గెలిచాను. గెలిచాక కుళాయి కట్టేయడం మర్చిపోయాను, బిందె నిండి కాళ్ళ మీద పోయేదాకా.

సాయంత్రం మనవరాలితో సినిమా మాట వచ్చింది. తనకి ఈ గొడవంతా తెలుసు, కానీ "మా బామ్మ గీత ఎందుకు తప్పుగా గీస్తుంది, వానే కారణం" అంటుంది. బూట్ల తాళ్ళు ఉతుకుతూ కూర్చుంది.

"చూశావా అమ్మడూ, ఆ ఉత్తరాలవాడు నమ్ముకున్నాడు, దేవుడు గెలిపించాడు" అన్నాను.

"దేవుడు పరుగెత్తలేదే బామ్మా. వాడే పరుగెత్తాడు."

"దేవుడి సాయం లేకుండానా?"

"సాయం ఉంటుంది. కానీ నా కాళ్ళకి బదులు కాదు." తాళ్ళు పిండి కంచె మీద వేసింది. "శుక్రవారం ఆఖరి వంపు తిరిగాక ఏమైందో చెప్పనా? నాకు ఊపిరి లేదు. అప్పుడనిపించింది, ఇంక ఇది నాది కాదు, నీదే అని. ఆయనతో అన్నాను. అంతే, కాళ్ళు వాటంతట అవే వచ్చాయి. గెలిచాక గడ్డి మీద పడుకుని థాంక్స్ చెప్పాను. నవ్వకు."

నేను నవ్వలేదు. ఆ పిల్ల మొహం అలా వెలుగుతుంటే ఎవరు నవ్వుతారు?

గురువారం, 8వ తేదీ

ఈ రోజు చెప్పను. మాట్లాడటం కూడా పనేనా అని టైపిస్టు అడిగింది. మామూలు మాట పని కాదు. నా కేసు చెప్పుకోవడం పనే.

శుక్రవారం, 9వ తేదీ

ఈ టైపిస్టుతో పెద్ద చిక్కు. రాసే మనిషి రాయాలి గానీ ఆలోచించకూడదు.

సినిమా సంగతి మళ్ళీ చెబుతున్నాను, దేవుడు తన వాళ్ళని చూసుకుంటాడు, వానయినా ఎండయినా ఆయన పంపిందే, ఎవరికి ఎప్పుడు ఏది కావాలో ఆయనకి తెలుసు అని. అదంతా రాసి, పెన్ను మూత పెట్టి, అంది: "ఆ రెండోవాడు కూడా ఏదో ఒకటి మొక్కుకునే ఉంటాడు బామ్మగారూ. కెమెరా అటు తిరగలేదు, అంతే."

"వాడికి దేవుడు లేడని సినిమాలోనే చెప్పారు."

"ఓడిపోయినవాళ్ళ ప్రార్థన ఎవరు వింటారు? నేను కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టాను. గెలిచినవాళ్ళందరూ బయటికొచ్చి 'దేవుడున్నాడు' అనేవారు. ఓడినవాళ్ళు బస్సు కోసం నిలబడేవారు."

కోపం వచ్చి లేచి గ్రౌండుకి వెళ్ళాను. సాయంకాలం ఎండ. పొడుగుకాళ్ళు ఒక్కతే ఉంది. ఆ పిల్లని నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను గానీ, ఎప్పుడూ మా పిల్ల పక్కన ఎంత దూరంలో ఉందని తప్ప ఇంకేమీ చూడలేదు. ఈ రోజు చూశాను. పరుగెత్తేముందు నిలబడి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. తర్వాత ఒక చుట్టు వేసి, రొప్పుతూ కంచె దగ్గరికి వచ్చింది.

"ఏమిటే ఆ గొణుగుడు?"

సిగ్గుపడింది. "మా అమ్మ పోయేముందు నేర్పింది బామ్మా. 'నేను చేయగలిగినంతా నేను చేస్తా, మిగతాది నువ్వు చూసుకో' అని."

"ఎవరితో?"

"ఉన్నవాడితో."

నీళ్ళ సీసా ఇచ్చాను. తాగి మూతి తుడుచుకుని అంది: "మా నాన్న మాటలు పట్టించుకోకు. ఆయనకి కోపం ఎక్కువ, పైగా నా మీద ఆశ ఎక్కువ. గీత తప్పయి ఉండొచ్చు, వానకి ఎవరేం చేస్తారు? నువ్వు తెలిసి అలా చేయవని నేను ఆయనకి చెప్పాను. పందెం వేశాను కూడా, నేను గెలిస్తే వారం రోజులు ఆయనే వండాలి."

వెళ్ళిపోయింది. నేను కంచె వదిలేసరికి చేతికి తుప్పు అంటుకుంది.

శనివారం, 10వ తేదీ

ఇనుప మూత సంగతి రాయకు.

రాయొద్దంటున్నాను. నువ్వు ఎలాగూ రాస్తావు. సరే రాయి, కానీ ఇది కమిటీకి వెళ్ళే కాగితం కాదు, గుర్తుంచుకో.

ఆరో లేన్ మొదటి గీతకి ఎదురుగా, ట్రాక్ బయట, మురుగుకాల్వకి ఒక ఇనుప మూత ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా తాడుకున్న ఆరో లేన్ ఎర్రగుడ్డ ముక్క ఆ మూతకి ఎదురుగానే పడుతుంది. తాడు పరిచాక నేను తల తిప్పి మూత చూసుకుంటాను. ఆయన నేర్పిన పరీక్ష అది. ఎవరికీ తెలియదు, మా అమ్మాయికి కూడా.

ఆ శుక్రవారం తాడు చేతిలోకి తీసుకోగానే బరువుగా ఉంది. చల్లగా, కర్రలా బిగుసుకుని ఉంది. తడి తాడుతో గీయకూడదని ఆయన నాకు పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. ఒకసారి అలా గీసి, మళ్ళీ అంతా చెరిపి గీయాల్సి వచ్చిందట, పెద్దాయన ఎవరో చూస్తుండగానే. ఇవన్నీ నాకు తెలుసు.

పరిచాను. లాగాను. ఎర్రముక్క పడింది. మూత చూశాను.

ముక్క మూతకి ఒక అంగ వెనక ఉంది.

లేన్లకి చీట్లు ముందురోజే తీశారు. ఎవరిది ఏ లేనో గ్రౌండంతా తెలుసు. ఆరో లేన్ ఎవరిదో నాకు తెలుసు. మొదటి లేన్‌కి తాడు అక్కర్లేదని నాకు తెలుసు. ఆఫీసులో స్టీలు టేపు ఉందనీ తెలుసు. అడిగితే కోచ్ వచ్చి కొలిచి పెట్టేవాడు.

నేను ఏమనుకున్నానో చెప్పనా? వాన గురువారమే పడింది. నేను పని ముట్టని రోజే పడింది. నా మాట నేను నిలబెట్టుకున్నందుకు దేవుడు చేసిన సాయం ఇది, దీన్ని కాదనడానికి నేనెవరిని అనుకున్నాను. అనుకుని, తల తిప్పేసి, సున్నం పోశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుంది. నేను కళ్ళు తెరుచుకునే తాగాను, పైగా దేవుడే గిన్నె పెట్టాడన్నాను.

టైపిస్టు పెన్ను మూత పెట్టింది. "టీ పెట్టనా?" అంది. నేను వద్దన్నాను. అయినా పెట్టింది.

ఆదివారం, 11వ తేదీ

మనవరాలికి చెప్పాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. తను ఇస్త్రీ చేస్తోంది. మూత సంగతి చెప్పాను, తాడు బరువు సంగతి చెప్పాను. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది, చొక్కా మాత్రం కాలలేదు. ఆ పిల్లకి ఎప్పుడూ చేతులు జాగ్రత్త.

"మూత చూశావా?"

"చూశాను."

"చూసే గీశావా?"

"నీ కోసమే అమ్మడూ."

"నేను అడిగానా?"

తను చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది.

"నేను గెలిచానో లేదో ఇప్పుడు నాకు ఎలా తెలుస్తుంది బామ్మా? ఒక భుజం ముందు గెలిచాను. ఆ పిల్ల ఒక అంగ ఎక్కువ పరుగెత్తింది. మరి నేను గెలిచినట్టా, ఓడినట్టా? చెప్పు, నువ్వే కదా కొలిచావు."

"దేవుడు..."

"ఆయన్ని ఇందులోకి లాగకు. నేను గడ్డి మీద పడుకుని ఆయనకి థాంక్స్ చెప్పాను. దేనికి చెప్పినట్టు? నీ తాడుకా?"

బూట్లు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

సోమవారం, 12వ తేదీ

మనవరాలు నాతో మాట్లాడటం లేదు. పొద్దున ఒక్కతే పదహారు చుట్లు వేసింది. నేను లెక్కపెట్టాను.

మా అమ్మాయికి కూడా తెలిసింది. బేకరీ నుంచి వచ్చి, చేతులకి పిండి కూడా కడుక్కోకుండా నా ముందు నిలబడింది. "అమ్మా, నిన్ను తిట్టాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఏం చేయబోతున్నావు?"

"తెలీదు అంటే ఫైలు మూసేస్తానన్నాడు సెక్రటరీ."

"అంటావా?"

"నేను అడుగుతున్నాను, అననా?"

"నన్నడక్కు. నాకు నా కూతురు ఆ విమానం ఎక్కాలని ఉంది. అంత ఉంది నాకు. అందుకని నన్నడక్కు" అని కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుంది.

మంగళవారం, 13వ తేదీ

మధ్యాహ్నం నేను రోలరు తుడుస్తుంటే మనవరాలు వచ్చి గట్టు మీద కూర్చుంది. రెండు రోజుల తర్వాత తనే మాట కలిపింది.

"రేపేం చెబుతావు?"

"నువ్వేం చెప్పమంటావు?"

"అదేం కుదరదు. గీత గీసేటప్పుడు నన్నడిగావా? ఇదీ నువ్వే గీయి."

రోలరు తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాను.

"నిజం చెబితే నీ చోటు పోతుంది" అన్నాను.

"చోటు పోదు. పరుగు పోతుంది. మళ్ళీ పెడతారు."

"ఆ పిల్ల గెలిస్తే?"

"గెలిస్తే గెలుస్తుంది. బామ్మా, నువ్వు ఆ సినిమాలో ఒక్కణ్ణే చూశావు. నాకు ఆ రాళ్ళు కొట్టేవాడి కొడుకంటే ఇష్టం. ఓడిపోయాక వాడు ఉత్తరాలవాడి కళ్ళలోకి చూసి నవ్వుతాడు, గుర్తుందా? ఎందుకు నవ్వాడంటే, తనని ఓడించింది ఇంకో మనిషి కాళ్ళేనని వాడికి తెలుసు. పొడుగుకాళ్ళకి నేను అది ఇవ్వలేదు. రోజూ ప్రాక్టీసులో ఎదురొస్తుంది, నాకు చెయ్యి ఊపుతుంది. నేను బూటు తాళ్ళు కట్టుకుంటున్నట్టు వంగిపోతున్నాను."

 రోలరు తుడిచిన గుడ్డ పిండి కంచె మీద ఆరేశాను.

"అయితే ఒకటి" అంది లేస్తూ. "మళ్ళీ పెడితే నాకు ఆరో లేన్ ఇమ్మని అడుగుతాను. ఆ పిల్లకి మొదటిది ఇమ్మంటాను. అప్పుడు ఓడిస్తాను దాన్ని. చూస్తూ ఉండు." పళ్ళు బిగించి అంది. ఆ పంతం నాదే. దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తను వెళ్ళాక నేను ప్రార్థన చేద్దామనుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ మా పిల్ల ముందుండాలి అనే అడిగాను, ఇంకో మాట నోటికి రాలేదు. అందుకని ఏమీ అడగకుండా ఊరికే కూర్చున్నాను. అలా కూర్చోవడం కూడా బాగానే ఉంది.

బుధవారం, 14వ తేదీ

కమిటీ గదిలో బల్లకి అటు అయిదుగురు, ఇటు నేను. దర్జీ గోడ పక్కన. పొడుగుకాళ్ళు ఆయన వెనక. సెక్రటరీ కాగితం ముందే టైపు చేయించి ఉంచాడు. "నాకు తెలియదు" అని ఉందట. కింద గుర్తు పెడితే చాలట.

"ఇది నా మాట కాదు బాబూ. నా మాట నేను చెబుతాను, రాసుకునే మనిషిని తెచ్చుకున్నాను" అన్నాను.

"బామ్మగారూ, ఎందుకు గొడవ, ఇప్పటికే..."

"ముప్పై ఒక్క ఏళ్ళు ఎండలో నిలబడ్డాను. నువ్వు అయిదు నిమిషాలు నీడలో కూర్చోలేవా?"

కూర్చున్నాడు. చెప్పాను. టైపిస్టు రాసింది. అదే ఇక్కడ మళ్ళీ రాయమన్నాను.

"శుక్రవారం పొద్దున ఆరో లేన్ గీత తడి తాడుతో గీశాను. తాడు పొట్టిదయిందని నాకు తెలుసు. గీత ఒక అంగ వెనక పడిందని, తుపాకీ పేలడానికి రెండు గంటల ముందే నా కళ్ళతో చూశాను. చెరిపి గీయడానికి టైము ఉంది. గీయలేదు. వాన దేవుడు పంపాడో లేదో నాకు తెలియదు, సున్నం పోసింది మాత్రం నేను. మా మనవరాలికి ఈ సంగతి ఆదివారం దాకా తెలియదు. దర్జీ కొలిచింది సరిగ్గా కొలిచాడు. పరుగు మళ్ళీ పెట్టండి, స్టీలు టేపుతో గీయించండి. నా పని ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం, దాని గురించి నేనేమీ అడగను."

 దర్జీ మెడలోంచి టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. పొడుగుకాళ్ళు నన్ను చూస్తోంది. నా వైపు అలా ఎవరైనా చూస్తే ఎప్పుడూ నోరు చేసుకునేదాన్ని. ఈసారి నేనే తల దించాను. "నీ పందెం పోయింది తల్లీ" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది, నా మీద కోపంతోనే ఏడ్చింది. అది ఆ పిల్ల హక్కు.

బొటనవేలి ముద్ర వేయమన్నారు. సిరా అంటించి నొక్కితే నల్లటి మచ్చ పడింది తప్ప గీతలు పడలేదు. రెండుసార్లు ప్రయత్నించారు. సున్నం ఇన్నేళ్ళలో తినేసింది. ఆఖరికి పెన్ను ఇచ్చి, ఏదో ఒక గుర్తు పెట్టండి అన్నారు.

ఇద్దరు సాక్షులు కావాలన్నారు. టైపిస్టు ఒకరు. రెండో సంతకానికి సెక్రటరీ గది చుట్టూ చూస్తుంటే, తలుపు దగ్గర నిలబడ్డ మా మనవరాలు ముందుకొచ్చి పెన్ను తీసుకుంది.

"కుటుంబ సభ్యులు సాక్షిగా పనికిరారమ్మా. పైగా ఈ కాగితం నీ చోటు తీసేస్తోంది, తెలుసా?" అన్నాడు సెక్రటరీ.

"తెలుసండీ. నేను మనవరాలిగా పెట్టడం లేదు. ఆ పరుగులో పరుగెత్తినదానిగా పెడుతున్నాను. అలాగే రాసుకోండి."

బామ్మ గుర్తు:  X

సాక్షులు:

పైవాటా టైపిస్టు, కోర్టు ఉద్యోగం నుంచి రిటైరైనది.

మొదటి లేన్.